మూతల మీద రాసిన పేర్లు

ఆగస్టు 2, ఆదివారం

కెమెరాలో కొత్త రోల్ ఎక్కించాను. బ్లాక్ అండ్ వైట్, ముప్ఫై ఆరు ఫ్రేములు. ఫిల్మ్ కెమెరా లోపలి చక్రం పళ్లకి పట్టుకుందో లేదో అని మూడుసార్లు చూసుకున్నాను. పట్టుకుంది.

అమ్మ కోరింది ఒక్కటే. అన్నయ్యలిద్దరూ ఒకే ఫోటోలో కావాలి, మంచం పక్కన పెట్టుకోవడానికి. అడిగినంత తేలిక కాదది. నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు పెద్దన్నయ్య ఇక చాలు, ఇంటికి తీసుకుపోదాం అన్నాడు. చిన్నన్నయ్య ఇంకా చూద్దాం అన్నాడు. ఇంటికే తెచ్చాం. మూడో రోజున నాన్న పోయారు. అప్పట్నుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఆరేళ్లయింది. పెద్దవాడు ఆదివారం వస్తాడు, చిన్నవాడు బుధవారం వస్తాడు. అమ్మ వారానికి రెండుసార్లు సగం సగం సంతోషపడుతుంది.

ఈ నెల ముప్ఫైన పెద్దన్నయ్య బదిలీ మీద వెళ్లిపోతున్నాడు. రైల్లో రెండు రోజుల దూరం. అంటే నాకున్నది నాలుగు వారాలు.

ఇవాళ అడిగాను. ఫోన్‌తో అయితే కుదరదన్నాడు. సాయంత్రానికల్లా చుట్టాలందరి ఫోన్లలోకీ చేరుతుంది, రాజీ పడ్డామనుకుంటారు, నాకా ఖర్మ లేదు అన్నాడు. నీ పాత డబ్బాతో తియ్యి, ఒక్క కాపీ, అమ్మకి మాత్రమే, ఒక్కసారే. ఫోన్ ముట్టనని మాటిచ్చాను.

నా కెమెరాని డబ్బా అన్నందుకు మొదటిసారి కోపం రాలేదు.

ఆగస్టు 5, బుధవారం

చిన్నన్నయ్య లిఫ్ట్ మెకానిక్. ఇవాళ గ్రీజు చేతులతోనే వచ్చాడు. వాడొస్తే నేనొస్తాను, వాడు మాట్లాడకపోతే నేనూ మాట్లాడను అన్నాడు. ఒప్పుకున్నట్టే.

ఆగస్టు 9, ఆదివారం

తీశాను. పదకొండు ఫ్రేములు.

కిటికీ దగ్గర కుర్చీలో అమ్మ. చెరో పక్కా వాళ్లు. అమ్మకీ వాళ్లకీ మధ్య ఇంకో మనిషి పట్టేంత ఖాళీ. కాస్త దగ్గరకి జరగమంటే ఎవరూ జరగలేదు, అమ్మే కుర్చీలో అటూ ఇటూ కదిలింది. వెలుతురు మీటర్ చూశాను, ఫోకస్ చూశాను. మొదటి ఎనిమిదీ పాస్‌పోర్టు ఫోటోలే. ఇద్దరూ లెన్స్‌ని చూస్తున్నారు, బాకీ వసూలుకొచ్చిన వాణ్ణి చూసినట్టు.

తొమ్మిదోది అలా కాదు. అమ్మ కుర్చీ కాలు ఒకటి కుదురుగా లేదు. ఆవిడ పక్కకి ఒరిగింది. ఇద్దరూ ఒకేసారి వంగి పట్టుకున్నారు. చేతి మీద చెయ్యి పడింది. అప్పుడు నొక్కాను. దొరికిందని వేలికే తెలిసింది.

ఆ తర్వాత రెండు మామూలువి. పెద్దన్నయ్య వాచీ చూసుకుని వెళ్లిపోయాడు.

ఆగస్టు 10, సోమవారం

నేను పనిచేసే మందుల షాపులో రోజంతా కౌంటర్ దగ్గర నిలబడ్డాను, మనసు కెమెరాలోనే ఉంది. దారిలో ఫోటో స్టూడియో ఆయన దగ్గర ఆగాను. కెమెరా అమ్మిందీ, నేర్పిందీ ఆయనే. రోల్ ఇచ్చి వెళ్లమ్మా, గురువారానికి కడిగిస్తాను అన్నాడు. నేనే కడుక్కుంటానన్నాను. ఇప్పటికి ఆరు రోల్స్ కడిగాను, ఒక్కటీ పాడవలేదు. ఈ ఒక్కదానికి ఇంకొకరి చెయ్యి తగలనివ్వాలా?

ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు నచ్చలేదు.

ఆగస్టు 13, గురువారం

మిగతా ఫ్రేములు పూర్తి చేశాను. మెట్లు, వీధి కుక్క, షాపు షట్టర్, మళ్లీ మెట్లు. ఏదీ చూసి తియ్యలేదు. రోల్ అయిపోవాలంతే.

అమ్మ పొద్దునే అడిగింది, అయిందా అని.

ఆగస్టు 16, ఆదివారం, మధ్యాహ్నం 2

బాత్రూమ్ తలుపు కింద తువ్వాలు దోపాను. కిటికీకి నల్లగుడ్డ కట్టాను. చీకట్లో ఫిల్మ్‌ని రీలుకి చుట్టి వెలుతురు చొరని ట్యాంకులో పెట్టి మూసేశాను. ఒక్క మెలిక లేదు. చేతులకి కళ్లున్నాయి ఇవాళ. ఇక లైటు వేసుకోవచ్చు. బొమ్మ తేల్చే డెవలపర్ తొమ్మిది నిమిషాలు, నీళ్లు, తేలిన బొమ్మని నిలిపే ఫిక్సర్. అంతే.

3.10

ఏమీ లేదు.

4.30

ఫిల్మ్ మొత్తం గాజులా ఉంది. తల నుంచి తోక దాకా. లైటుకి ఎత్తి పట్టుకుంటే అవతల గీజర్ కనపడింది.

రెండు సీసాలు. రెండూ ఒకేలాంటి గోధుమరంగువి. నీళ్లు తగిలి కాగితాలు ఊడిపోతున్నాయని పోయిన నెల మూతల మీద మార్కర్‌తో రాశాను. నిన్న సీసాలు కడిగి ఆరబెట్టాను. మూతలు మారాయి.

ముందు ఫిక్సర్ పోశాను, బొమ్మ తేలకముందే ఫిల్మ్ మీదున్నదంతా కరిగిపోయింది. తొమ్మిది నిమిషాలు, నిమిషానికోసారి తిప్పుతూ, పాట కూడా పాడుకున్నాను.

షాపులో కొత్తగా చేరిన వాళ్లకి మొదటి రోజు నేను చెప్పే మొదటి మాట: పేరు సీసా మీద రాయాలి, మూత మీద కాదు, మూతలు మారిపోతాయి. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు ఉంది నా బతుకు.

ఆగస్టు 17, సోమవారం

స్టూడియో ఆయన ఫిల్మ్ అంచు చూశాడు. అంచున నంబర్లు కూడా పోయాయి, ముందు ఏం పోశావమ్మా అన్నాడు. చెప్పాను. తిట్టలేదు. కుర్చీ వేశాడు. కూర్చోలేకపోయాను.

ఆగస్టు 18, మంగళవారం

అమ్మ అడిగితే ఇంకా ఆరుతోందన్నాను.

ఆగస్టు 19, బుధవారం

ఇంకా ఆరుతోందన్నాను. చిన్నన్నయ్య వచ్చిన గంటసేపూ వంటింట్లోనే గిన్నెలు తోమాను. తోమినవే మళ్లీ తోమాను.

ఆగస్టు 20, గురువారం

కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. కౌంటర్లో ఒకావిడకి ఒక మాత్ర బదులు ఇంకోటి తీశాను, చేతికివ్వబోయి చూసుకున్నాను.  ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే అమ్మకి చెప్పేశాను.

 ఏ మూలనైనా కాస్త మిగిలిందేమో గోకి చూశావా అంది అమ్మ. లేదమ్మా అన్నాను. పోనీలే అంటుందనుకున్నాను. అనలేదు. అటు తిరిగి పడుకుంది. అన్నం వద్దంది.

నా మీద నాకే అసహ్యం వేస్తోంది. గురువారానికి స్టూడియోలో అయిపోయి ఉండేది. గొప్పకి పోయాను.

ఆగస్టు 21, శుక్రవారం

పొద్దునే అమ్మ, వాళ్లకి చెప్పి మళ్లీ రమ్మను అంది. చెప్పే మొహం ఉందా నాకు.

ఇద్దరికీ ఫోన్ చేశాను. పెద్దన్నయ్య ఆడిట్ ఆఫీసులో పనిచేస్తాడు, కాగితం చూడనిదే కన్నతల్లిని కూడా నమ్మడు. ఇది అమ్మా నువ్వూ కలిసి ఆడుతున్న నాటకం, మళ్లీ మా ఇద్దర్నీ ఒకచోట చేర్చడానికి అన్నాడు. చిన్నన్నయ్యా అదే అన్నాడు, నాటకం బదులు డ్రామా అన్నాడు, అంతే తేడా. రసాయనం పోస్తే బొమ్మ ఎలా పోతుంది, నా కళ్ల ముందు చూపించు, ఆదివారం వస్తాను అన్నాడు. ఆదివారం పెద్దన్నయ్య రోజని నేను గుర్తు చెయ్యలేదు.

ఆగస్టు 23, ఆదివారం

చెయ్యి ఇప్పటికీ ఫిక్సర్ వాసన కొడుతోంది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. ఇద్దరూ నాతోనే మాట్లాడారు. ముగ్గురం బాత్రూమ్‌లోకి దూరాం. ఇంట్లో మిగిలిన ఆఖరి రోల్ తెరిచి, తోక కొంచెం కత్తిరించి, కప్పులో ఫిక్సర్ పోసి వేశాను. బూడిదరంగు ముక్క. పెద్దన్నయ్య వాచీ పెట్టుకుని లెక్కపెట్టాడు. రెండు నిమిషాల్లో అద్దమైంది. చిన్నన్నయ్య తీసి లైటుకి పెట్టి చూశాడు. ఇంకోసారి చెయ్యమన్నాడు.

ఇంకో ముక్క. మళ్లీ అద్దమే. పెద్దన్నయ్య, మరి ఆ రెండోది ముందు పోస్తే అన్నాడు. డెవలపర్‌లో వేశాను, వెలుతురు తగిలిన ముక్క కదా, నల్లగా బొగ్గయింది. ఇద్దరూ సింకు మీదకి వంగారు. ఇంకాస్త పొడుగుది కత్తిరించు అన్నాడొకడు. సగం అందులో సగం ఇందులో ముంచు అన్నాడొకడు. నేను కత్తిరిస్తూనే ఉన్నాను. తప్పు నాది, సాక్ష్యం కావాలన్నారు, ఇస్తున్నాను.

అప్పుడు పెద్దన్నయ్య, రెండు సీసాలూ ఒకే ఆకారంలో ఉండటమే తప్పు అన్నాడు. ఆకారం కాదు, మా పనిలో రంగు టేపు చుడతాం, చీకట్లో కూడా వేలికి తగిలేలా ముడి వేస్తాం అన్నాడు చిన్నన్నయ్య. నాతో కాదు. పెద్దన్నయ్య ముడి ఎటు వేస్తారు అని అడిగాడు. చిన్నన్నయ్య ఎటు వేస్తారో చూపించాడు. నేను వాళ్లకి అడ్డం రాకుండా గోడకి ఆనుకున్నాను.

ఆరేళ్ల తర్వాత మొదటి మాట ముడి గురించి.

కాసేపటికి పెద్దన్నయ్య చేతులు కడుక్కుని, సరే, నాటకం కాదు, ఇంకోసారి తియ్యి, నిలబడతాం అన్నాడు. చిన్నన్నయ్య చొక్కా సర్దుకున్నాడు. నేను సింకులోకి చూశాను. రోల్ అంతా అక్కడే ఉంది, ముక్కలుగా. కొన్ని అద్దంలా, కొన్ని బొగ్గులా.

ఫిల్మ్ లేదని చెప్పాను. ఇద్దరూ ఒక్కసారే నన్ను తిట్టారు. ఫోన్ జేబులోనే ఉంది. మాటిచ్చాను కాబట్టి తియ్యలేదు. అమ్మ తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూస్తోంది. ఎప్పట్నుంచి నిలబడిందో తెలియదు. అన్నాలు తినిపోండిరా అంది. తిన్నారు.

ఆగస్టు 24, సోమవారం

స్టూడియోలో రోల్ లేదు. వచ్చే నెల పదికి వస్తాయట. ఇంకో రెండు చోట్ల అడిగాను. ఫిల్మా అని వింతగా చూశారు.

ఆగస్టు 30, ఆదివారం

పెద్దన్నయ్య వెళ్లాడు. నేను కెమెరా మెళ్లో వేసుకుని వెళ్లాను, ఖాళీది, ఎందుకో. ప్లాట్‌ఫారమ్ మీద పెట్టెలన్నీ చిన్నన్నయ్యే మోశాడు. పెద్దగా ఏం మాట్లాడుకోలేదు. రైలు కదిలాక చిన్నన్నయ్య, నీకు అప్పుడే చెప్పాలనుకున్నాను, సీసా అడుగున కూడా రాసుకో అన్నాడు.

అమ్మకి ఫోటో లేదు. అది నేను చేసిన నష్టం, ఎవరు ఓదార్చినా పోదు.

సెప్టెంబర్ 8, మంగళవారం

పెద్దన్నయ్య ఫోన్ చేశాడు. చిన్నాడి దగ్గు తగ్గిందా అని అడిగాడు.

చిన్నన్నయ్యకి దగ్గని నాకే తెలియదు.