నీసు మానిన ఇల్లు

జూన్ 6, శనివారం

పదో తరగతి తర్వాత ఉత్తరాలు తప్ప ఏమీ రాసినదాన్ని కాదు. ఈ రోజు చూసింది ఎవరికీ చెప్పుకోలేను. ఆయనకు ఫోన్లో చెబితే వెంటనే వచ్చెయ్యమంటారు. పూజ గూట్లో స్వామికి రెండుసార్లు చెప్పాను, పలకలేదు. అందుకే పిల్లల డిక్టేషన్ కోసం తెచ్చిన పుస్తకాల్లోంచి ఒకటి తీశాను.

దేశం దాటి వచ్చి ఉంటున్న ఈ సుంగై సుమున్ ఊరి గుళ్లో, నేను చెప్పే తెలుగు క్లాసు తొందరగా అయిపోయింది. ఇంట్లో నిద్రపోతున్న ముసలాయన తప్ప ఎవరూ లేరు. వెనకింటి మేరీ గిన్నె ఇచ్చొద్దామని వెళ్లాను. వాళ్ల పెరట్లో లక్ష్మి, అప్పారావు... నాకు అన్నం పెడుతున్న ఇంటి ఆలుమగలు... నిలబడి చేపకూర తింటున్నారు. లక్ష్మి నన్ను చూసి చెయ్యి వెనక్కి దాచుకుంది. నలభై ఐదేళ్ల మనిషి, చిన్నపిల్లలా.

గిన్నె అక్కడే పెట్టి వచ్చేశాను.

నేను వచ్చిన రోజే చెప్పింది లక్ష్మి, మీరున్నన్నాళ్లూ ఇంట్లో నీసు లేదని. పొంగిపోయాను. ఊరికి ఫోన్ చేసి గొప్పగా చెప్పాను కూడా. ఈ ఐదు వారాలూ ఇదన్నమాట.

జూన్ 7

అష్టోత్తరం మధ్యలో రెండుసార్లు తప్పాను. మళ్లీ మొదలు.

తాత వెనకింటికి వెళ్లడు. అప్పారావు తండ్రి, ఎనభై దాటాయి. పప్పు గిన్నె ఎందుకు పక్కకు తోసేస్తాడో ఈ రోజు తెలిసింది. బాగా చిక్కిపోయాడని క్లినిక్‌లో అన్నారట. వయసు కదా అంది లక్ష్మి అప్పుడు. నేనూ నమ్మాను.

జూన్ 9

వంటింట్లో లక్ష్మికి నెమ్మదిగా చెప్పాను, ఇంట్లోనే వండుకోండి, నాకేం పట్టింపు లేదని. నవ్వేసి టీ పెట్టింది. మళ్లీ అడిగితే, మాట చివర ఇక్కడి వాళ్ల 'లా' తగిలించి -

"మీరు పుట్టినకాడ్నుంచి ముట్టని మనిషి టీచరమ్మా. మా పెద్దోళ్ల దేశం నుంచొచ్చి మా ఇంట దీపం పెడతన్నారు. ఆ పొయ్యి మీద సేప ఎక్కిస్తే సచ్చిపోయిన మా అత్త నన్ను తిట్టదా? వద్దు లా."

పుట్టినప్పటి నుంచీ! నేనలా చెప్పలేదు. కాదనీ చెప్పలేదు.

జూన్ 10

ఎనిమిదేళ్లే. ఇక్కడన్నా నిజం రాయాలి.

సుధకు డెంగీ వచ్చి రక్తకణాలు పడిపోయిన రోజు, ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని సింహాద్రి అప్పన్నకు మొక్కాను. నీసు తినను, వండను, ముట్టను. నా కూతుర్నివ్వు. ఇచ్చాడు. అంతకుముందు మా ఇంట్లో ఆదివారం చేపల పులుసు నేనే పెట్టేదాన్ని. మా ఆడపడుచులు గిన్నె తుడుచుకుని తినేవారు.

ఈ మాట ఇక్కడ ఎందుకు దాచాను? పూజ చేసుకునే మనిషి అని వీళ్లు చేతులు జోడిస్తుంటే బాగుంది. అంతే.

జూన్ 12

గుణింతం రాయిస్తూ ఆగిపోయాను. పిల్లలు, "టీచర్, ఓకేయా?"

జూన్ 13, శనివారం

తాత రెండు ముద్దలకే లేచాడు. హోటలుకు తీసుకెళ్తానన్నాడు అప్పారావు. ముసలాయన కర్ర నేలకేసి కొట్టి, తన కొంపలో పొయ్యి ఉండగా బయట దొంగకూడు తిననన్నాడు. ఎవరూ నా వైపు చూడలేదు. చూసినా బాగుండేది.

గుడి వెనక గదిలోకి మారిపోతానన్నాను. లక్ష్మి ఏడ్చింది. "టీచరమ్మకి కూడెట్టలేక ఎళ్లగొట్టినారని ఊరంతా అనుకోదా?"

వెళ్లడానికి లేదు. ఉండడానికీ...

జూన్ 15

వరండాలో తాత ఒక్కడే ఉన్నాడు. కూర్చోమన్నాడు.

"ఇజయనగరం పిల్లవి. సేప తెల్దంటే నానెలా నమ్మీది?"

చెప్పేశాను. సుధ, మెట్లు, మొక్కు, అంతా. ఈ ఇంట్లో మొదటిసారి. పోనీలే అంటాడనుకున్నాను. వాళ్లమ్మ బొబ్బిలి పక్క నుంచి వచ్చిందట, పులుసులో ఆవ పెట్టేదట. ఆవిడ పోయాక అలాంటిది నోట పడలేదట. కోడలు వండేది ఇక్కడి తమిళుల పద్ధతి కూర, మంచిదే, కానీ అది కాదు అన్నాడు.

తర్వాత -

"మొక్కు నీది. ఆకలి నాది. ఒక్కపాలి వండిపెట్టు తల్లీ. అప్పన్నకి నాను సెప్పుకుంటాను. నీ కన్నా ముందు ఎల్లీవోడ్ని గదా."

నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

జూన్ 16

సుధ ఫోన్. గొంతు బరువుగా ఉంది. జలుబేనమ్మా అంది. జలుబే. అందరికీ వస్తుంది.

జూన్ 17

స్వామి ముందు చీట్లు వేద్దామని కాగితం చింపాను. వేయలేదు. ఏది వచ్చినా నమ్మనని తెలుసు.

మొక్కు తప్పితే నా మీద పడితే పర్వాలేదు. మొక్కింది నా కోసం కాదే.

జూన్ 18, గురువారం

తాత నిన్నటి నుంచి కాఫీ తప్ప ఏమీ పుచ్చుకోలేదు. క్లినిక్‌కీ రానంటున్నాడు.

పొద్దున అప్పారావు పడవల జెట్టీ నుంచి చేప తెచ్చాడు. ఇంట్లోకి తేకుండా బయట కుళాయి దగ్గర బకెట్లో ఐసు మీద పెట్టి, నా వైపు చూడలేక చూస్తూ, "నాన్న తెమ్మన్నాడు. ఎందుకో సెప్పలేదు" అన్నాడు. లక్ష్మి అతన్ని కసిరింది, వెనకింటికి పట్టుకెళ్లమని.

అప్పుడు చెప్పాను. పుట్టినప్పటి నుంచీ కాదు లక్ష్మీ, ఎనిమిదేళ్లే అని. ఎందుకో కూడా చెప్పాను. లక్ష్మి కుర్చీలో కూర్చుండిపోయింది. కోపగించలేదు. "అయితే అస్సలు ముట్టకండమ్మా. బిడ్డ మీద మొక్కు" అంది. లోపల తాత దగ్గుతున్నాడు. ఆ మాట ఆయనకూ వినబడే ఉంటుంది.

చింతపండు నానేశాను. పప్పుచారుకైనా కావాలి కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. చేప బయటే ఉంది, ఐసు కరుగుతోంది. లక్ష్మి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది, నన్ను ఆపడానికో, సాయానికో తెలియడం లేదు.

ఈ పుస్తకం పెట్టె అడుగున పెడుతున్నాను. ఎప్పుడైనా ఎవరికైనా దొరికితే చింపెయ్యకండి, ఉంచండి. సుధకు మాత్రం చూపించకండి. లేచి చేతులు కడుక్కోవాలి...