ఆలోచించుకుని వస్తాం

మే 12, సోమవారం, ఉదయం

బయలుదేరుతున్నాం! స్టోన్‌బరీలో నాలుగు రోజులు. వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పాత సామాన్ల దుకాణాలే. చూస్తాను. చేతిలోకి తీసుకుంటాను. బోర్లించి అడుగున తయారీ ముద్ర కూడా చూస్తాను. కొనను!

ఇది మామూలు ఒట్టు కాదు. వచ్చే నెల నెవిల్‌కి తుంటి ఆపరేషన్. తర్వాత కొన్ని వారాల పాటు మెట్లెక్కకూడదట. మా ఇంట్లో కింద ఉన్న ఒక్క పడగ్గదిలో నా పాల జగ్గులు కాపురం ఉంటున్నాయి. అరల్లో, అరల మీద, కిటికీలో, నేల మీద. అక్కడ మంచానికి చోటు లేకపోతే నెవిల్ గ్రిమ్స్‌బీ వెళ్ళి వాళ్ళక్క ఎనిడ్ ఇంట్లో కోలుకుంటాడు. ఆవిడ అప్పుడే దుప్పట్లు ఉతికి ఆరేసిందట! పెళ్ళయినప్పటి నుంచి మేం వేరు వేరు ఇళ్ళలో పడుకున్నది లేదు. ఈ వయసులో ఆ ముచ్చట నాకొద్దు.

తిరిగి వెళ్ళగానే గది ఖాళీ చేస్తాను. ఈలోగా కొత్త జగ్గు ఒక్కటీ చేరదు. రాసి పెట్టుకున్నాను కాబట్టి ఇక తిరుగు లేదు.

సాయంత్రం

మూడు దుకాణాలు. ఖాళీ చేతులు!

నెవిల్ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. "ఒంట్లో బాగానే ఉందా ఆడ్రీ?"

మే 13, మంగళవారం

మేం దిగిన ఇంటావిడ మిసెస్ పెవరెల్ గుడ్లు వడ్డిస్తూ, "ఏమైనా కొన్నారా?" అంది.

"లేదండీ, ఊరికే చూస్తున్నాం."

"మొదటి రోజు అందరూ అదే అంటారు," అని ఇంకో రొట్టె ముక్క వేసింది. ఆవిడ ధోరణి నాకు నచ్చలేదు.

తర్వాత టాప్లీ గారి దుకాణం. ఇలాంటి ప్రతి దుకాణంలోనూ తలుపు పక్కన భర్తల కుర్చీ ఒకటి ఉంటుంది. పెళ్ళాలు లోపల తవ్వుతుంటే మొగుళ్ళు అందులో కూర్చుని గడియారం చూసుకుంటారు. నెవిల్ చేతికర్ర ఆనించి అందులో కూలబడ్డాడు. నేను లోపలికి వెళ్ళాను.

అయ్యో, ఆ జగ్గు! మీగడ రంగు, మెడ చుట్టూ నీలం గీత. మూతి కాస్త వంకర, ఎవరిమీదో అలిగినట్టు. ఎంతసేపు పట్టుకున్నానో తెలియదు. చివరికి గుండె రాయి చేసుకుని అరలో పెట్టేసి, "చాలా బాగుందండీ. ఆలోచించుకుని వస్తాం," అన్నాను.

ఆ మాటకి అర్థం ఈ దేశంలో పసిపిల్లలకి కూడా తెలుసు. ఇక రామని. మొహం మీద వద్దని చెప్పలేక మేమంతా అదే అంటాం. దుకాణదారు తలాడిస్తాడు, వస్తువు అరలోనే ఉంటుంది, ఎవరి మర్యాద వాళ్ళకి దక్కుతుంది.

నెవిల్ కూడా లేస్తూ వేళాకోళంగా, "మీ కుర్చీ బాగుందండీ. నేనూ ఆలోచించుకుంటా," అన్నాడు. టాప్లీ గారు నవ్వలేదు. శ్రద్ధగా తలూపారు. మొన్నటిదాకా పడవలకి రంగులు వేసేవారట, ఈ వ్యాపారానికి కొత్త.

సాయంత్రం: అంచుకి పూసలు కట్టిన అల్లిక గుడ్డ ఒకటి తీసుకున్నాను. జగ్గు కాదు! జగ్గు మీద కప్పేది. మడిస్తే జేబురుమాలంత. ఒట్టు క్షేమం.

మే 14, బుధవారం

కొంప మునిగింది.

వాన. నెవిల్ గదిలోనే ఉండిపోయాడు. నేను గాలి పీల్చుకోవడానికి బయటికెళ్ళాను. నిజంగా గాలికే. టాప్లీ గారి దుకాణం తగలకుండా అవతలి వైపు నుంచి నడుస్తున్నాను. ఆయన గొడుగైనా లేకుండా రోడ్డు దాటి పరిగెత్తుకొచ్చారు.

"మేడమ్! మీ జగ్గు తీసి పక్కన పెట్టేశాను. పొద్దున బ్రిస్టల్ నుంచి ఒకాయన వచ్చి అడిగితే ఇవ్వలేదు. ఒకావిడ ఆలోచిస్తున్నారు, ఆవిడ వచ్చేదాకా కదిలించనని చెప్పి పంపేశాను!"

లోపలికి వెళ్ళి చూస్తే నిజమే. జగ్గు మెడలో చీటీ: 'ఆలోచిస్తున్న మేడమ్‌ది.'

చొక్కా తడిసి నీళ్ళోడుతున్న మనిషికి వద్దని ఏ నోటితో చెప్పను? కొన్నాను. ఆయన సంబరపడి టీ పెట్టారు. ఇచ్చిన టీ తాగి ఒక్క జగ్గుతో లేచి వస్తే ఏం బాగుంటుంది? చిన్నది ఇంకోటి. దానికి పిడి విరిగిపోయింది కాబట్టి పూలకుండీ కింద లెక్క.

రెండింటినీ నెవిల్ రబ్బరు బూట్లలో దాచాను, కాలికొకటి. తుంటి నొప్పితో ఆయన ఎక్కడికి నడుస్తాడు?

మే 15, గురువారం

నడిచాడు. అంటే, నడుద్దామని బూట్లు తెమ్మన్నాడు. నేను వినలేదన్నట్టు ఊరుకుంటే తనే వంగి తీసుకుని కాలు పెట్టాడు.

అరుస్తాడనుకున్నాను. అరిచినా బాగుండేది. రెండు జగ్గుల్నీ జాగ్రత్తగా కిటికీలో పెట్టి మంచం అంచున కూర్చున్నాడు.

"ఆడ్రీ, నేను ఎనిడ్ దగ్గరికి వెళ్ళడమే నీకు సులువైతే చెప్పెయ్. నేనేమీ అనుకోను."

"ఛ! అదేం మాట? టాప్లీ గారు వానలో తడుస్తూ..."

"ప్రతిసారీ ఎవరో ఒకరు తడుస్తూనే ఉంటారు," అని కర్ర తీసుకుని ఒంటరిగా వెళ్ళిపోయాడు.

ఏడ్చాను. ఇల్లు గుర్తొచ్చింది. నెవిల్ లేని ఇల్లు. పొద్దున్నే వంటింట్లో రేడియోతో వాదించే గొంతు ఉండదు. కింద గది నిండా జగ్గులుంటాయి, ఒక్కటీ మాట్లాడదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

భోజనాల వేళకి తిరిగొచ్చాడు. పళ్ళెం ఖాళీ చేసి తిన్నగా గదికి వెళ్ళిపోయాడు. మిసెస్ పెవరెల్ కూడా ఏమీ అడగలేదంటే మా మొహాలు ఎలా ఉన్నాయో!

మే 16, శుక్రవారం

పెట్టె సర్దుకుని బయటికొస్తే మా కారు మీద టాప్లీ గారు! కుర్చీకి తాళ్ళు కడుతున్నారు. భర్తల కుర్చీ!

"సార్ ఆలోచించుకున్నారు మేడమ్," అన్నారు, గర్వంగా.

నేను నెవిల్ వైపు తిరిగాను. "ఏమిటిది?"

"ఆపరేషన్ తర్వాత ఎత్తు కుర్చీ కావాలని నర్సు చెప్పింది కదా. మంగళవారం ఇందులోంచి మూలగకుండా లేచాను. నువ్వు చూడలేదు. జగ్గు అడుగు చూస్తున్నావు."

"ఎక్కడ పెడతావు?"

"కింద గదిలో. నా మంచం పక్కన."

"మరి ఎనిడ్?"

"నిన్ననే ఫోన్ చేశాను. దుప్పట్లు మడిచి పెట్టుకోమన్నాను. కోపం వచ్చింది కానీ, ఇంట్లో ఉంటేనే నాకు నయమవుతుందని చెప్పాను." కుర్చీ తాడు ఒకసారి లాగి చూసి, "జగ్గుల సంగతి నువ్వే చూసుకోవాలి. ఒక్కటి ఉంచుకో. ఆ అలిగినదాన్ని ఉంచుకో, నీ పోలికే," అన్నాడు.

నడిరోడ్డు మీద ముద్దు పెట్టేశాను. టాప్లీ గారు తాళ్ళకేసి చూస్తూ ఉండిపోయారు. ఏ జగ్గు దొరికినప్పుడూ నాకింత సంతోషం కలగలేదు. ఇకమీదట స్టోన్‌బరీలో మొగుళ్ళు నిలబడే ఉండాలి, పాపం.

మే 24, శనివారం

గది ఖాళీ! మంచం పడింది, పక్కన కుర్చీ, అందులో నెవిల్. కిటికీలో అలిగిన జగ్గు ఒక్కటే, మాత్రలకి నీళ్ళు పోసుకోవడానికి.

మిగతావన్నీ పెట్టెలకెత్తి చర్చి హాల్లో జరిగే పాత సామాన్ల అమ్మకానికి ఇచ్చేశాను. అక్కడ అమ్మకం చూసుకునే మార్జరీ ఒక్కొక్కటే విప్పి బల్ల మీద పెడుతోంది. నేను చూడకుండా వచ్చేయాల్సింది. చూశాను. గోధుమరంగుది, పొట్ట మీద కోడిపుంజు. చెయ్యి దానంతటదే వెళ్ళింది.

"ఉంచేసుకుంటావా ఆడ్రీ?"

నేను గట్టిగా వెనక్కి పెట్టేశాను. "ఆలోచించుకుని వస్తాలే," అన్నాను. అంటే వద్దని!

మార్జరీ పుట్టినప్పటి నుంచీ ఇక్కడే ఉంటోంది. ఆ మాటకి అర్థం తెలియదా? అయినా చీటీ మీద నా పేరు రాసి, జగ్గుకి కట్టి, బల్ల కింద దాచేసింది. "ఎవరికీ ఇవ్వను. సోమవారం వచ్చి తీసుకెళ్ళు." పెదవుల చివర నవ్వు కూడా ఉంది.

అంత చేసి పెడితే వెళ్ళకపోవడం ఏం మర్యాద? పైగా నాది నేను తెచ్చుకోవడం కొనడం కిందికి రాదు.

నెవిల్ కుర్చీలోంచి అరుస్తున్నాడు: "ఏం రాస్తున్నావు?"

సోమవారం హాలు నుంచి వచ్చాక, ఇంకొక్క జగ్గు కూడా ఇంటికి తేను. రాసి పెట్టుకున్నాను కాబట్టి ఇక తిరుగు లేదు.