చిగురేశాక కొమ్మలు వంచడం

ఒరేయ్ వాఖో, లేవగానే కింది మడిలో మిగిలిన రెండు వరుసల కొమ్మల్నీ కంబికి కట్టు. మెల్లగా వంచు, లేకపోతే చిగుళ్లు రాలిపోతాయి. మొగ్గ విచ్చకముందే కడతానని మాటిచ్చి, మూడు రోజులు పెళ్లివారింట పాటలు పాడుతూ కూర్చున్నావు. "ద్రాక్షతోట ఎక్కడికీ పారిపోదులే అక్కా" అన్నావు. పారిపోలేదురా, చిగురేసింది! నాన్న నాటిన వరుసంతా నేనొక్కదాన్నే కట్టాను. చేతులు బొబ్బలెక్కాయి, సిగ్గుందా నీకు?

అమ్మని కంటి డాక్టరుకి చూపించడానికి తెలావి పట్నం తీసుకెళ్తున్నాను. రాజ్మా కూర కుండలో ఉంది, వేడిచేసుకుని తిను.

నానులి

నీ మీద కోపంతో ఒక్క లాగు లాగితే నాన్న వరుసలో పదకొండు చిగుళ్లు విరిగాయి. అమ్మ చూసి ఏడిస్తే నువ్వే విరిచావని చెప్పాను. బస్సులో నిజం చెప్పేస్తాను. నువ్వు మాత్రం ఆ వరుస వైపు వెళ్లకురా.