ఆగమన్న మాట

విజయనగరం
7 ఏప్రిల్ 2021, సాయంత్రం 6.40

ముందుగా, జరిగినవి జరిగినట్టు:
1. ఉదయం దాలయ్య బావ నా మిక్సీ రిపేరు షాపుకి వచ్చి, కరోనా టీకా వేయించుకోవచ్చా అని అడిగాడు. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లిషు పేపరు చదువుతానని వీధిలో అందరూ నన్నే అడుగుతారు.
2. ఆదివారం వీధి అమ్మవారి పండగ. బావ భార్య, నాకు అక్క వరసయ్యే లక్ష్మణమ్మప్ప, అమ్మవారి ఘటం తలకెత్తుకోవాలి. ఇంట్లో ఎవరికి జ్వరమున్నా ఎత్తకూడదు. సూది వేస్తే జ్వరం వస్తుందంటున్నారు.
3. పండగ దాటనీ, చూద్దాం అన్నాను.
4. మధ్యాహ్నం షాపు మూసి, శృంగవరపుకోట వెళ్లి నేను వేయించుకున్నాను.

అక్కడ నన్నెరిగినవారు లేరు. నేను వేయించుకున్నానంటే బావ ఆగడు. అతనికి జ్వరం వచ్చి ఘటం ఆగితే ఆ నింద నాది.

— పొట్నూరు నరసింగరావు

12 ఏప్రిల్, ఉదయం 7.00

ఘటం లేచింది. టీకాతో మొన్న నాకొచ్చిన జ్వరానికి పెసరట్టు పడలేదని కారణం చెప్పాను. బావ అందరి ముందూ నా భుజం తట్టి, "నువ్వుండగా మాకు డాక్టరెందుకురా బావా, ఫీజు మిగిలిపోనాది" అన్నాడు. అందరూ నవ్వారు. ఇక వేయించుకో అని అప్పుడే చెప్పవలసింది. నేనూ నవ్వాను.

మళ్లీ అడిగాడు. టీకాల దగ్గర రద్దీ తగ్గనీ అన్నాను.

— పొట్నూరు నరసింగరావు

4 మే

బావకి పాజిటివ్. పెద్దాసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. నన్ను అడిగే అన్నీ చేశామని అప్ప డాక్టరుతో చెప్పిందట, ధైర్యంగా.

— నరసింగరావు

11 మే

పోయాడు.

20 జూన్

వీధిలో టీకా క్యాంపు. నర్సు దుర్గాభవాని ఎదురుగా ఖాళీ కుర్చీ వేసుకుని కూర్చుంది. ఒక్కరూ వేయించుకోలేదు. లక్ష్మణమ్మప్ప గుమ్మంలో నిలబడి, తమ్ముడు నరసింగరావే వేసుకోలేదు, అయినా నిక్షేపంలా ఉన్నాడు, మాకెందుకని వచ్చినవాళ్లను వచ్చినట్టే తిప్పి పంపుతోంది. అలా అయితే ముందు మీరే కూర్చోండని నర్సు నన్ను పిలిచింది.

ఇదే మొదటిసారన్నట్టు కూర్చుని చేయి చాపేద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నాను.

ఏప్రిల్‌లోనే శృంగవరపుకోటలో వేయించుకున్నానని అందరికీ వినబడేలా చెప్పాను.

ఎవరూ తిట్టలేదు. అప్ప మెట్లు దిగి వచ్చి కుర్చీలో కూర్చుంది. జాకెట్టు చేయి పైకి మడుచుకుంది. నా వైపు చూడకుండానే అడిగింది:

"నీకు మంచిదయినాది మీ బావకి సెడ్డదేటి, తమ్ముడూ?"

ఆమె వెనుక వరస కట్టారు.

23 జూన్

రెండో డోసు ఎప్పుడని అప్ప ఎదురింట్లో అడుగుతోంది. షాపులోకి వినబడుతోంది. వాళ్లకు తెలియదు. నాకు తెలుసు.