బాపు చేతితో ఎంచుకున్న స్పీకర్లు

నాందేడ్, 9-11-1978

వత్సలక్కకు నమస్కారం. బాపు మళ్లీ పాటల ముందు కూర్చుంటున్నాడు, బెంగపడకు.

పాత నిలువు స్పీకర్లు రెండూ పాడైనప్పటి నుంచి ఆయన ఎవరితోనూ మాట్లాడడం లేదని రాశాను కదా. ఆదివారం కొత్తవి కొనడానికి ఇక్కడి వజీరాబాద్ బజారులో ఒక దుకాణానికి తీసుకెళ్లాను. మిల్లులో మగ్గాల మోతకు బాపు చెవులు పోయాయని చెబితే, సేట్ మరాఠీలో, "వినపడని మనిషికి స్పీకర్లెందుకు?" అన్నాడు. నా ముఖం చిన్నబోయింది. సైగలతో చెబితే బాపు కోపగించుకోలేదు. మోగుతున్న పెట్టె మీద తన అరచెయ్యి ఆనించి, పక్కనే సేట్ చెయ్యి పెట్టించాడు.

"కండ్లు మూస్కో సేట్. తబలా చేతికి అస్తలేదా?"

సేట్ కండ్లు మూసుకున్నాడు. తర్వాత ముందున్న మెరిసే జతను పక్కకు జరిపి, లోపలి నుంచి నడుమెత్తు చెక్కపెట్టెల జతను తనే మోసుకొచ్చాడు. బాపు రెండింటినీ తడిమి "గివే" అన్నాడు.

పాత పెట్టెలు మంచి టేకువి. బట్టలు పెట్టుకోవడానికి కావాలంటే రాయి, మీ కిన్వట్ వచ్చేవాళ్లతో పంపిస్తాను. చిన్నదాని దగ్గు తగ్గిందా? పత్తి ఏరడం అయిందా? బావను అడిగానని చెప్పు.

కొత్తవి ఎట్లున్నాయని నిన్న బాపును అడిగాను. "పాతవాటిల తబలా మోచేతి దాంక అస్తుండె. వీటిల మణికట్టు కాడనే ఆగుతున్నది. కానియ్, అలవాటైతది" అన్నాడు. అని, రికార్డు రెండో వైపు పెట్టమన్నాడు.

నిన్నూ పిల్లలనూ చల్లగా ఉండమన్నాడు.

నీ తమ్ముడు,
హన్మంతు