నాలుగు మెట్లు దిగిన గొంతు

బావమరిదీ,

క్షేమం. డాక్టరు నా స్వరపేటిక తీసేసి ఎనిమిది నెలలైంది కాబట్టి ఫోన్లో తిట్టలేను. ఉత్తరంలో తిడుతున్నాను, ఓపిగ్గా చదువుకో.

కొత్త రికార్డు విన్నాను. నేను పాడినన్నాళ్లూ మన బ్యాండు మోగితే కూర్చున్నవాడి కాలు దానంతటదే ఆడేది. ఇప్పుడు లేచి కిటికీ మూసెయ్యాలనిపిస్తోంది. బస్టాండులో అనౌన్స్‌మెంట్లు చెప్పే అమ్మాయిని తెచ్చి పాడిస్తే ఇంతే. ఆమె "నన్ను వదిలి వెళ్లిపోయావు" అంటుంటే, ఏ ప్లాట్‌ఫారం నుంచో కూడా చెబుతుందేమోనని ఎదురుచూశాను.

ఇట్లు,
గొంతు పోయినా నోరు పోని నీ బావ

తా.క. వెనకాల రాగం తీస్తున్న మగాడెవడు?

*

బావగారికి నమస్కారాలు.

ఆ అమ్మాయిది బరువైన గొంతు. మీరు పాడే పై స్థాయి ఆమెకి అందదు. అందుకని పాటలన్నీ కీబోర్డు మీద నాలుగు మెట్లు కిందికి దించాం. దించాక డ్రమ్ముల మిషను పాత వేగంలో మోగితే, ఏడుస్తున్నవాడి ఎదురుగా గంతులేసినట్టుంది. దాన్నీ నెమ్మది చేశాం. ఆ గణగణలాడే సింథసైజర్ మోతలూ పోయి, సాగేవి వచ్చాయి. కావాలని చేసింది కాదు, ఒకటి దిగితే అన్నీ దిగాయి.

మీ
బావమరిది

తా.క. ఆ మగగొంతు సంగతి కలిసినప్పుడు చెబుతాను. అక్కతో మాత్రం అనకండి.

*

ఒరే బావమరిదీ,

అక్కతో అనకూడనంత ఘనుడా వాడు? అర్థమైందిలే. నా ఒక్కడి చోట్లో ఇద్దర్ని కూర్చోబెట్టావు. ఆ అమ్మాయి ఫరవాలేదు, శ్రుతి తప్పదు. వాడు మాత్రం దున్నపోతులా ఆయాసపడతాడు, స్వరం చివర జారిపోతాడు. మీ అక్క గిన్నెలు తోముతూ ఆ పాటే పదిసార్లు వింటోంది. వాడి గొంతు వచ్చినచోట కుళాయి కట్టేసి మరీ వింటోంది. నాకు కడుపు మండిపోతోంది.

వాణ్ణి తీసెయ్. లేదంటే వచ్చే నెల కచేరీలో నేను రాసిన పాట ఒక్కటి కూడా పాడటానికి వీల్లేదు.

నీ బావ

తా.క. ముందు వాడికి ఊపిరి పీల్చడం నేర్పించు. మెడలో చిల్లుతో నేనే వాడికంటే శుభ్రంగా పీలుస్తున్నాను.

*

బావా,

వాడెవడో కాదు, మీరే.

ఆపరేషనుకు వారం ముందు మైకు పరీక్ష అని చెప్పి మీ చేత ఒక్క స్వరం పాడించాను. మైకుకి ఏ జబ్బూ లేదు. ఆ స్వరాన్ని కీబోర్డులోకి ఎక్కించాను. ఏ మెట్టు నొక్కితే ఆ స్థాయిలో పలుకుతారు. పాటలు దించినప్పుడు మీరూ దిగారు, గొంతు మొద్దుబారింది. అందుకే పోల్చుకోలేకపోయారు. ఆ ఆయాసం, ఆ జారడం జబ్బువి. సరిచెయ్యొచ్చు, నాకే చెయ్యబుద్ధి కాలేదు. మీరు వెనకాల లేకపోతే పాడనని ఆ అమ్మాయి కూడా అంది.

అడక్కుండా చేశాను, తప్పే. చెరిపెయ్యమంటే క్షణం పని. చెరిపెయ్యమంటారా?

మీ
బావమరిది

తా.క. కీబోర్డులో ఉన్న ఆయన రిహార్సల్‌కి ఆలస్యంగా రాడు. మీకూ ఆయనకీ అదొక్కటే తేడా.

*

బావమరిదీ,

నీ ఉత్తరం మీ అక్కకి చూపించాను. "మొదటిరోజే తెలుసు" అంది. చెప్పలేదేమని రాసి చూపిస్తే, "మీకూ తెలుసనుకున్నాను" అంది. ఇద్దరం ఏడ్చాం. నా ఏడుపుకి చప్పుడు లేదు కాబట్టి ఆమెదే వినబడింది.

చెరపకు. పాటలన్నీ పాడుకోండి.

నాకొక పని చేసిపెట్టు. ఆ స్వరాన్ని ఒక చిన్న కీబోర్డులోకి ఎక్కించి పంపు. ఒక్క మెట్టు పనిచేస్తే చాలు. మీ అక్క ఇప్పటికీ వంటింట్లోంచి "ఏమండీ" అని పిలుస్తుంది. నేను పలకలేను. చేతులు తుడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చి, నా ఛాతీ కదులుతోందో లేదో చూసి వెళ్లిపోతుంది. రోజుకి ఇరవైసార్లు. జబ్బు మళ్లీ వచ్చింది, ఏడాది అన్నాడు డాక్టరు. ఆ ఏడాదైనా ఆమె పిలిస్తే పలకాలనుంది.

నీ బావ

తా.క. పాత స్థాయిలోనే పంపు. నాలుగు మెట్లు దించావంటే, ఎవరొచ్చారా అని నేనే లేచి చూస్తాను.