మందు కొట్టిన షెడ్డులో పటం

గార్లదిన్నె

అమ్మకు,

నీ కొడుకు వీరేష్ దండం పెట్టి రాస్తున్నాను. ఇక్కడ నేను, మేక, దాని పిల్లలు బాగున్నాం. అక్కడ నువ్వూ, నీకు జాబులు రాసి చదివి పెట్టే శశీ బాగున్నారనుకుంటాను.

నీ జాబులో మూడు అడిగావు. వాన పడలేదు. అన్నం వండుకుంటున్నాను. మూడోది, కార్తీకం పంటకు మళ్లీ పట్టుపురుగుల షెడ్డులో పనికి రానా అని. దానికి జవాబు రాయబోయి నాలుగుసార్లు లేచి వాకిట్లో తిరిగొచ్చాను. ఫోన్లో అయితే నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను. అందుకే జాబు.

బెంగళూరు మల్లెలకు వాసన లేదన్నావు. నువ్వు వంట చేసే హాస్టల్లో పప్పు మాడినా తెలియలేదని, వార్డెన్ తిట్టిందని రాయించావు. అమ్మా, పూలకు ఏమీ కాలేదు. పోయింది నీ ముక్కు.

పురుగులకు రోగం రాకుండా షెడ్డులో కొట్టే ఫార్మలిన్ మందు గురించి చదువుతున్నాను. ఎనిమిదితో బడి మానినోనికి ఇదెందుకంటావేమో. కోపమొచ్చి చదువుతున్నాను. మట్టిలో కంటికి కనపడని బాక్టీరియా ఉంటుంది. ఈ విషం దాని ఒంట్లోకి పోతే ఒక ఎంజైము పట్టుకుని మార్చడం మొదలుపెడుతుంది. విషం కాస్తా చీమ కుడితే మండే ఆమ్లమవుతుంది, చివరికి అదీ విరిగి ఉత్త గాలి అయిపోతుంది. మన ఒంట్లోనూ అలాంటి ఎంజైము ఉందట. కానీ షెడ్డంతా కొట్టిన మందును అది ఎంతని విరుస్తుంది? పురుగుల్ని లోపల పెట్టే ముందు ఓనరు కదిరప్ప రెండు రోజులు తలుపులు తీసి గాలి పట్టిస్తాడు. మనల్ని మాత్రం ఘాటు కమ్ముతుండగానే పోయి ఊడవమంటాడు.

నిన్న మందు కొట్టే పంపు కింద పెట్టేసి అతన్ని మాస్కు అడిగాను.

"ఏమప్పా, ఊర్లో నీకొక్కనికే ముక్కుండాదా?" అన్నాడు.

"నాకుండాదన్నా. మాయమ్మకే లేదు. ఈడనే పోగొట్టుకునింది."

అతన్ని అంత మాటన్నాను గానీ, నీ ముక్కు పోగొట్టింది ఒక్క కదిరప్పే కాదు.

శశీ, ఇక్కడి నుంచి మెల్లగా చదువమ్మా.

మందు కొట్టే ముందు షెడ్డు గోడకున్న సుంకులమ్మ పటం బయటికి తేవాలి కదా, అమ్మవారికి విషం తగలకూడదని. వేసవి పంటప్పుడు నేనే తీసి, చొక్కాలో చుట్టి బండి పెట్టెలో పెట్టాను. నీకు చెప్పలేదు. మందు కొట్టి, తలుపు సందులకు కాగితాలు అంటించి టీకి పోయాను. నేను మరిచానేమోనని నువ్వు మూతికి కొంగు కట్టుకుని లోపలికి పోయావు. అక్కడ లేని పటం కోసం ఆ ఘాటులో గోడలు తడుముతూ ఎంతసేపు తిరిగావో. నేనొచ్చేసరికి వాకిట్లో కక్కుతున్నావు.

"పటం యాడరా?" అన్నావు.

భయమేసింది. "నాకేం తెలుసు? నువ్వే యాడనో పెట్టి మరిచినావు" అన్నాను.

రెండు రోజులకు తట్టల వెనక దొరికిందని తెచ్చిచ్చాను. అబద్ధం. ఇప్పటికీ ఆ మరుపు నీదేనని అమ్మవారికి లెంపలేసుకుంటున్నావు.

షెడ్డుకు రావద్దు. ఇంటికి రా. పటం మన పొయ్యి పక్క గోడకు తగిలించాను.

శశీ, అమ్మ కళ్లు మూయించి ముక్కు దగ్గర కొంచెం ఇంగువ పెట్టు. ఏం చెప్పిందో అదే రాయి. నా కోసం మార్చి రాయొద్దు.

ఇట్లు,
పటం దాచిన నీ కొడుకు
వీరేష్